ఒక జీతం, ఇద్దరి సేవ

2013 సెప్టెంబర్ 30న నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తులయ్యారు. దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం రోజూ సి.ఎస్.ఐ. అని పిలుచుకునే సంఘంలో, ఆ బాధ్యత అందుకున్న తొలి మహిళ ఆమే. నంద్యాల ప్రాంతానికి మిషనరీలను పంపిన ఇంగ్లండ్ చర్చి తన మొదటి మహిళా బిషప్ లిబ్బీ లేన్‌ను అభిషేకించింది 2015 జనవరిలో. ఏడాదికి పైగా ముందే ఆ పని రాయలసీమలో జరిగిపోయింది. తెలుగు క్రైస్తవులు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది. ఎందుకో మనం పెద్దగా చెప్పుకోలేదు.

సి.ఎస్.ఐ.లో స్త్రీలకు గురుత్వం 1976లో మొదలైంది. అక్కడి నుంచి నంద్యాల దాకా రావడానికి 37 ఏళ్లు పట్టింది. లూథరన్ సంఘంలోనూ ఇప్పుడు స్త్రీలు పాస్టర్లుగా ఉన్నారు. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ బి.డి. చదువుతున్నారు. ఈ సంఘాల్లో వాక్యం ఒప్పుకోదని వాదించేవాళ్ల గొంతు మునుపటంత గట్టిగా లేదు. దాని స్థానంలో ఇంకో మాట వినిపిస్తోంది: "ఆడమనిషి కదా, పిల్లలూ సంసారమూ పెట్టుకుని పాస్టరేట్ ఎలా చూసుకుంటుంది?"

అడిగేవాళ్లలో చాలామంది ఆ అమ్మాయి మేలు కోరే అడుగుతారు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు, పాస్టరు పనిని ఇప్పుడున్న తీరులో నడుపుతున్న డయాసిస్. ఎందుకంటే మన ఊళ్లలో పాస్టరు పని మొదటి నుంచీ ఇద్దరు మనుషుల పని. జీతం మాత్రం ఒకరికే.

ఏ పల్లె సంఘానికైనా వెళ్లి చూడండి. అయ్యగారు ప్రసంగం చేస్తారు, బల్ల ఇస్తారు, కమిటీ నడుపుతారు. ఆయన భార్య, అంటే అమ్మగారు, సండే స్కూలు చూస్తుంది, స్త్రీల మైత్రి కూడిక జరుపుతుంది, క్రిస్మస్ నాటికకు పిల్లలను తయారుచేస్తుంది. కాన్పయిన ఇంటికి వెళ్లి ప్రార్థన చేస్తుంది. చావింట్లో ఆడవాళ్ల పక్కన రాత్రంతా కూర్చుంటుంది. బిషప్‌గారు వస్తున్నారంటే పాతికమందికి వంట చేయిస్తుంది. మొగుడు తాగొచ్చి కొట్టాడని అర్ధరాత్రి తలుపు తట్టే మనిషి వెతుక్కుంటూ వచ్చేది ఆమె కోసమే. ఈ పనంతటికీ జీతం లేదు, పదవి లేదు, పింఛను లేదు. సంఘం మాత్రం దీని మీదే నిలబడింది.

అదే పాస్టరేట్‌కు ఒక స్త్రీని పంపారనుకుందాం. ఆమె భర్త బ్యాంకులోనో బడిలోనో పనిచేస్తుంటాడు. ఆయన సండే స్కూలు నడపాలని ఎవరూ అనుకోరు. బిషప్‌గారికి భోజనం పెట్టలేదేమని ఆయన్ను ఎవరూ అడగరు. అయ్యగారి పనీ అమ్మగారి పనీ రెండూ ఆమె మీదే పడతాయి. సొంత ఇంటి పని ఎలాగూ ఉంటుంది. మూడు పనుల్లో ఒకటి కొంచెం వెనకబడగానే, ఆడవాళ్లకు పాస్టరేట్లు ఇస్తే ఇంతేనని తీర్పు వచ్చేస్తుంది.

డెల్టాలో నాకు తెలిసిన ఒక పాస్టరమ్మ కింద మూడు ఊళ్ల సంఘాలున్నాయి. శనివారం రాత్రి కూతురి లెక్కల హోంవర్కు పక్కనే కూర్చుని ప్రసంగం రాసుకుంటుంది. ఆదివారం తెల్లవారకముందే వంట ముగించి, రొట్టె డబ్బా, ద్రాక్షారసం సీసా, ఇస్త్రీ చేసిన స్టోలు ఒకే సంచిలో సర్దుకుని స్కూటీ తీస్తుంది. మూడో ఊళ్లో ఆరాధన ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ ఊళ్లో అంతకుముందున్న అయ్యగారిని సంఘపెద్దలు వంతులేసుకుని భోజనానికి పిలిచేవారు. ఈమెతో, "ఇంటికెళ్లి మళ్లీ వంట చూసుకోవాలి కదమ్మా, బయల్దేరండి" అంటారు. ఆ మాటలో ద్వేషం రవ్వంత కూడా లేదు. అయినా పొద్దున్నుంచి గుక్కెడు టీ తప్ప ఏమీ లేని మనిషి ఆకలితో పన్నెండు కిలోమీటర్లు వెనక్కి వెళ్తుంది.

వాక్యం దగ్గరికే వద్దాం. స్త్రీ సంఘంలో మౌనంగా ఉండాలనే మాట పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది, తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ ఉంది. దాన్ని బోధించేవాళ్లు ఆ తిమోతి పత్రికలోనే తర్వాతి అధ్యాయం కూడా చదవాలి. సంఘ అధ్యక్షుడికి అక్కడ పెట్టిన అర్హతల్లో సొంత ఇంటిని, పిల్లలను సరిగా చూసుకోవడం ఒకటి. ఆ అధ్యాయం ఆ పరీక్ష పెట్టింది మగవాడికి. ఇల్లూ సేవా రెండూ ఎలా చూసుకుంటావని అక్కడ అడిగింది అతణ్ని. మన సెలక్షన్ కమిటీల్లో ఏ యువకుణ్నయినా, నీ పిల్లలకు అన్నం ఎవరు పెడతారని అడిగారా?

రోమీయులకు రాసిన పత్రిక చివర్లో పౌలు ఫీబేను ఎంత గౌరవంగా పరిచయం చేస్తాడో చూడండి. అపొల్లోకు మార్గాన్ని వివరించి చెప్పినవాళ్లలో అకులతో పాటు ప్రిస్కిల్ల ఉంది. వాళ్లింట్లోనే సంఘం కూడుకునేది. ఫిలిప్పీలో విశ్వాసులు చేరింది లూదియ ఇంటికి. ఆ తొలి రోజుల్లో ఇల్లే ప్రార్థనా మందిరం. ఇంటిని నడిపే స్త్రీ సంఘాన్ని నడపడం అప్పుడు ఎవరికీ వింతగా తోచి ఉండదు.

మన దగ్గర సేవ చేసే స్త్రీ అనగానే కళ్లముందు నిలిచే రూపం వేరు. 1883లో గుంటూరు వచ్చి 1930లో కన్నుమూసే దాకా వైద్యసేవ చేసిన అన్నా కుగ్లర్‌లాంటి అవివాహిత మిషనరీలు, లేదంటే మగవాళ్లు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వాక్యం తీసుకెళ్లిన బైబిల్ స్త్రీలు. ఆ బైబిల్ స్త్రీలలో వితంతువులు ఎందరో. కతోలిక సిస్టర్ల సేవ కూడా మనం కళ్లారా చూస్తున్నదే. వాళ్ల త్యాగానికి చేతులెత్తి మొక్కాలి. ఐతే ఆ త్యాగాన్ని చూసి చూసి, సేవ కావాలనుకున్న ఆడపిల్ల సంసారం వదులుకోవాలనే నియమం ఒకటి ఎవరూ రాయకుండానే తయారైంది. మగపిల్లవాడికి మాత్రం అభిషేకం కాగానే సంబంధాలు చూస్తాం. లిబ్బీ లేన్ ఇద్దరు పిల్లల తల్లి, భర్త కూడా గురువే. 2025లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా ఎంపికైన సారా ముల్లలీ నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి, ఆమెకూ ఇద్దరు పిల్లలు.

అమ్మగారి పనికీ జీతం ఇవ్వాలంటే డబ్బు మాటేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూలికి వెళ్లొచ్చిన చేతులతో వేసే కానుకల మీద నడిచే సంఘం రెండో జీతం ఎక్కడి నుంచి తెస్తుంది? పల్లె సంఘాన్ని అడగక్కర్లేదు. మిషనరీలు వదిలి వెళ్లిన బళ్లు, ఆసుపత్రులు, స్థలాలు డయాసిస్‌ల చేతిలో ఉన్నాయి. వాటి ఆదాయంలోంచి మూడు ఊళ్ల పాస్టరేట్‌కు ఒక ఉపదేశిని ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. సండే స్కూలును సంఘపెద్దలు పంచుకోవడానికి పైసా ఖర్చు లేదు. దీనివల్ల తేలికపడేది పాస్టరమ్మ ఒక్కతే కాదు. టీచరు ట్రైనింగ్ పూర్తిచేసి కూడా పార్సనేజ్‌లో ఉండిపోయిన అమ్మగార్లకు తమ ఉద్యోగం తాము చేసుకునే వీలు దొరుకుతుంది.

2017 సవరణ నుంచీ చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. పాస్టరుకు అది వర్తిస్తుందా లేదా అన్న తర్కం పక్కనపెట్టి, ప్రతి డయాసిస్ అంత సెలవునూ తన నియమావళిలో రాసుకోవాలి. ఆ నెలల్లో ఆరాధన ఎవరు నడుపుతారో కూడా అందులోనే ఉండాలి. బదిలీల జాబితా వేసేటప్పుడు భర్త ఉద్యోగం ఎక్కడ, పిల్లల చదువు ఏ తరగతిలో ఉంది అన్నవి చూడాలి. ఈ లెక్క మగ పాస్టర్లకూ వర్తించాలి, వాళ్లకూ పిల్లలున్నారు. డయాసిస్ కౌన్సిల్ తదుపరి సమావేశంలో ఈ నియమాలు తీర్మానంగా రావాలి. బి.డి. చివరి సంవత్సరంలో ఉన్న అమ్మాయి చేతికి ఆ కాగితం అభిషేకానికి ముందే అందాలి.