వెర్నల్, వసంతం, ఆమని

స్పెల్లింగ్ బీకి తయారయ్యే పిల్లలున్న ఇళ్ళలో ‘వెర్నల్’ అన్న మాట అందరికీ పరిచయమే. వసంతానికి సంబంధించినది అని అర్థం. లాటిన్‌లో ‘వేర్’ అంటే వసంతం. దాని నుంచి ‘వెర్నుస్’, ఆ తరువాత ‘వెర్నాలిస్’, చివరికి ఇంగ్లీషు వెర్నల్. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజును వెర్నల్ ఈక్వినాక్స్ అంటారు. (ఆ రోజున కూడా మనలో కొందరం డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతూనే ఉంటామనుకోండి!)

ఉగాది దగ్గర పడగానే మా తరగతుల్లో ఈ మాట ప్రస్తావనకు వస్తుంది. వెంటనే పెద్దల్లో ఎవరో ఒకరు, “మన వసంతమే లాటిన్‌కు వెళ్ళి వేర్ అయింది” అంటారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది గానీ నిజం కాదు. వేర్, వసంతం, హిందీ పాటల్లో మనం వినే పర్షియన్ ‘బహార్’, ఇవన్నీ అక్కచెల్లెళ్ళు. వీటి తల్లి భాషలో రాసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. కూతుళ్ళ పోలికలను బట్టి తల్లి రూపాన్ని పండితులు ఊహించారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు.

మరి తెలుగు? మనది ఆ కుటుంబమే కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్నదని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర చూపించాడు. వసంతం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. మన సొంత మాట ఆమని.

ఇక్కడే మా బాధ. ట్రోఫీ కోసం పిల్లల చేత వందల లాటిన్ ధాతువులు వల్లె వేయిస్తున్నాం. ఆమని అంటే ఏమిటని అడిగితే అదే పిల్లలు, చాలాసార్లు వాళ్ళ అమ్మానాన్నలు కూడా, మొహాలు చూసుకుంటారు. అన్నీ మన దగ్గరనుంచే పుట్టాయని గొప్పలు చెబితే ఈ లోటు తీరదు. పైగా మన పిల్లలు గడుసువాళ్ళు. ఇంటికెళ్ళి రెండు నిమిషాల్లో కంప్యూటర్‌లో చూసేస్తారు. ఆ తరువాత మనం తెలుగు గురించి ఏ నిజం చెప్పినా నమ్మరు.

అందుకే ఈ ఉగాదికి బోర్డు మీద మూడు మాటలూ పక్కపక్కనే రాద్దామనుకుంటున్నాం. తల్లిదండ్రులు ఇంట్లో ఒక్క పని చేస్తే చాలు. వీధిలో చెట్లు పూసినప్పుడు పిల్లలకు చూపించి ‘ఆమని వచ్చింది’ అనండి. ఆ మాటకు సమృద్ధి అనే అర్థం కూడా ఉందని చెప్పండి.