బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని ఫీచర్లు చూసి కాదు, రీస్టోర్ చేసి చూసి ఎంచుకోండి

"గూగుల్ డ్రైవ్ ఉందిగా, మళ్లీ బ్యాకప్ ఎందుకు?" అంటారు చాలామంది. కానీ అది సింక్, బ్యాకప్ కాదు. సింక్‌లో ఉన్న ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది నిజమే. మీరు రెండు నెలల తర్వాత గమనిస్తే? పైగా ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా.

విండోస్ వాడేవాళ్లకి నా ఓటు వీమ్ ఏజెంట్ ఫ్రీ ఎడిషన్‌కే. చూడ్డానికి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా చప్పగా ఉంటుంది. అయితే మొత్తం సిస్టమ్‌ని ఇమేజ్‌గా తీస్తుంది, తర్వాత మారినవే చేరుస్తుంది, బూట్ అయ్యే రికవరీ పెన్‌డ్రైవ్ కూడా చేసుకోవచ్చు. ఫైళ్లు మాత్రమే చాలంటే ఓపెన్ సోర్స్ డూప్లికాటి ఉంది. దాని ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ మర్చిపోయారో, ఇక అంతే. పాత వీడియోలు చూసి మేక్రియం రిఫ్లెక్ట్ ఫ్రీ వెతక్కండి, దానికి సపోర్ట్ 2024 జనవరి 1తో ఆగిపోయింది.

నాకు ఏడాదిపాటు ప్రతి రాత్రీ పచ్చ టిక్ కనిపించేది. డిస్క్ పోయాక చూస్తే, నేను డీ డ్రైవ్‌ని సెలెక్టే చేయలేదు! కాలేజీ ప్రాజెక్టులన్నీ అందులోనే.

అందుకే ఏది ఇన్‌స్టాల్ చేసినా అదే రోజు ఒక ఫోల్డర్‌ని వేరే చోటికి రీస్టోర్ చేసి, ఫైళ్లు తెరిచి చూడండి. బ్యాకప్ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్క్ పీకేయండి. తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.