బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడని బ్రేకులు

తెలుగునాట మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. జనం నోట ఆయన 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్'. కానీ ఒక మామూలు కుటుంబం కొనుక్కున్న బైకు బ్రేకును ఆయన చూసే సందర్భాలు ప్రధానంగా రెండే. బండికి పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి తెచ్చినప్పుడు ఒకటి. ప్రమాదం జరిగి, ఆ బండి పోలీస్ స్టేషన్ ఆవరణకు చేరినప్పుడు రెండోది.

చట్టమే అలా ఉంది. లారీలు, బస్సులు, ఆటోలు, ట్యాక్సీలు ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) చేయించుకోవాలి. సొంత కారుకీ, బైకుకీ మాత్రం మొదట్లో చేసిన రిజిస్ట్రేషనే పదిహేనేళ్లు చెల్లుతుంది. ఈ మధ్యలో ఉండేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే. అది పొగ సంగతి చెబుతుంది. బ్రేకు పడుతుందా, టైరు నున్నగా అరిగిపోయిందా అన్నది దానికి పట్టదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ప్రభుత్వానికి బ్రేకుల విలువ తెలియదనలేం. 125 సీసీ దాటిన కొత్త బైకులకు బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి రెండు చక్రాలకూ కలిపి బ్రేకు వేసే సీబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. మంచి నిర్ణయం. అయితే షోరూమ్‌లో అంత పట్టుబట్టిన ప్రభుత్వం, అయిదేళ్లకు లైనింగ్ అరిగిపోయాక ఆ బ్రేకు ఎలా ఉందో అడగడం లేదు. ద్విచక్ర వాహనం టైరు గాడి 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన ఉంది. దాన్ని కొలిచే మనిషే లేడు.

ప్రమాదాలకు అసలు కారణం అతివేగమే గానీ బండి లోపం కాదని కొందరంటారు. వేగం పాత్ర పెద్దదే, కాదనలేం. అయితే ఎదురుగా పిల్లవాడు అడ్డొచ్చినప్పుడు బండి ఎన్ని అడుగుల్లో ఆగుతుందన్నది వేగంతో పాటు బ్రేకు మీదా, టైరు మీదా ఆధారపడుతుంది. నుజ్జయిన బండిని చూసి, అంతకు ముందు దాని బ్రేకు ఎలా పట్టేదో తేల్చడం తేలిక కాదు. అందుకే బండి లోపం కాదన్న వాదనను చివరి మాటగా తీసుకోలేం.

బ్రిటన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1960లో అక్కడ పదేళ్లు దాటిన వాహనాలతో ఫిట్‌నెస్ పరీక్ష మొదలుపెట్టారు. ఫెయిలైన బండ్లు అన్నీ ఇన్నీ కావు. మరుసటి ఏడాదే గడువును ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు దించారు. అప్పటి నుంచి అక్కడ కారైనా, బైకైనా మూడేళ్లు నిండితే ఏటా పరీక్ష తప్పదు. పరీక్ష చేసేది అనుమతి పొందిన మామూలు గ్యారేజీలే; వసూలు చేయదగ్గ ఫీజుకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది. ఏ బండి ఎప్పుడు, ఎందుకు ఫెయిలైందో నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడికి అంతకు మించిన అండ ఏముంటుంది?

ఇలాంటి పరీక్ష మన దగ్గర పెట్టాలంటే ముందు వచ్చే భయం బ్రోకర్లది, ఆ వెంటనే పేదవాడి జేబుది. రెండూ నిజమైన భయాలే. పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరే మనిషి ఒక పూట సంపాదన వదులుకుని జిల్లా కేంద్రంలో క్యూ కట్టలేడు. కాబట్టి పరీక్షే మండలానికి రావాలి. చక్రాన్ని రోలర్ల మీద తిప్పి బ్రేకు బలాన్ని అంకెల్లో చూపే యంత్రాలు ఆటోమేటెడ్ పరీక్షా కేంద్రాల్లో ఇప్పటికే ఉన్నాయి. ఆ కేంద్రాలకు 2021లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధనలు రాసింది. ఏడో ఏట ఒకసారి, పదో ఏట మరోసారి, నామమాత్రపు ఫీజుతో, బ్రేకులు, టైర్లు, లైట్లు, హ్యాండిల్ వరకే చూసినా మొదలుపెట్టినట్టే. ఫెయిలైన బండికి జరిమానా వేయకుండా, బాగుచేయించి మళ్లీ చూపించడానికి కొన్ని రోజుల గడువివ్వాలి. బ్రేకు షూలు మార్చడానికి ఊళ్లోని మెకానిక్ షెడ్డు చాలు.