హెల్మెట్ సరే... మోకాలి సంగతేంటి?

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టొద్దంటారు. బైక్ ఎక్కితే మాత్రం ఆ రెండింటికీ ముడి పెట్టాల్సిందే. గుండుకి హెల్మెట్ ఉంది. మరి మోకాలికి? మనలో చాలామందికి ఆఫీసుకి వేసుకెళ్లే స్ట్రెచ్ జీన్సే దిక్కు. కొందరికి ట్రాక్ ప్యాంటు. ఆదివారం పొద్దున్నే టిఫిన్‌కి బయల్దేరితే షార్ట్స్!

దీనికి ఒక కారణం ఉంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమంటుంది. ప్యాంటు గురించి ఏమీ అనదు. చలాన్ పడదు కాబట్టి మనమూ పట్టించుకోం. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సుమారు 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. ప్రాణం కాపాడే విషయంలో హెల్మెట్‌దే మొదటి స్థానం, అందులో డౌట్ లేదు. కానీ బతికి బయటపడినవాళ్లు మళ్లీ మామూలుగా మెట్లెక్కడానికి ఎన్ని నెలలు పట్టిందో ఏ పట్టికలోనూ కనిపించదు.

నా రూమ్మేట్ ఒకడు మూడేళ్ల క్రితం కొండాపూర్ దగ్గర మలుపులో ఇసుక మీద జారాడు. స్పీడు నలభై కూడా లేదు. హెల్మెట్, జాకెట్, గ్లౌజులు అన్నీ ఉన్నాయి. కింద మామూలు జీన్స్. తలకి ఏం కాలేదు. ఎడమ మోకాలి దగ్గర మాత్రం చర్మం లేచిపోయింది. ఆరు వారాలు కాలు మడవలేకపోయాడు. రోజూ డ్రెస్సింగ్ మార్చేటప్పుడు వాడు పళ్లు బిగబట్టి గోడ వైపు తిరిగేవాడు. ఇప్పుడు మా తమ్ముడికి మియాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, బైక్ కొన్నాడు. "అన్నా, జాకెట్ తీసుకున్నా, ప్యాంటు ఏది కొనాలి? ఆన్‌లైన్‌లో వంద ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి" అని ఫోన్ చేశాడు. వాడికి చెప్పిందే ఈ వారం మీకూ చెప్తున్నా.

రెండు సెకన్ల లెక్క

ఇంజినీరింగ్ చదివిన పాపానికి ఒక చిన్న లెక్క. గంటకి 50 కి.మీ. వేగం అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. కింద పడి రోడ్డు మీద జారుతున్నప్పుడు ఘర్షణ గుణకం 0.7 అనుకుందాం. మీరు ఆగడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది, ఈలోపు 14 మీటర్లు జారతారు. అదే 80 కి.మీ. అయితే 3 సెకన్లు దాటుతుంది, దూరం 36 మీటర్లు. స్పీడు కొంచెమే పెరిగినా దూరం అంతకంటే బాగా ఎక్కువ పెరుగుతుంది, ఎందుకంటే లెక్కలో వేగం వర్గం అవుతుంది.

తారు రోడ్డు మీద మామూలు జీన్స్ గుడ్డ చాలాసార్లు ఒక్క సెకను కూడా నిలవదు. సాగే స్ట్రెచ్ జీన్స్ ఇంకా పల్చన. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు అయితే ఘర్షణ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. మిగిలిన సెకను భారం మన చర్మం మీదే. రైడింగ్ ప్యాంటు కొనడమంటే ఆ మిగిలిన సెకన్ని కొనుక్కోవడమే.

'సీఈ సర్టిఫైడ్' అంటే దేనికి?

అందరూ బోల్తాపడేది ఇక్కడే. యాడ్‌లో పెద్ద అక్షరాలతో 'సీఈ సర్టిఫైడ్' అని ఉంటుంది. మనం మొత్తం ప్యాంటుకే ఆ సర్టిఫికెట్ ఉందనుకుంటాం. చాలాసార్లు అది లోపల మోకాలి దగ్గర పెట్టిన ప్యాడ్‌కి మాత్రమే. గుడ్డకీ, కుట్లకీ ఏ టెస్టూ జరిగి ఉండకపోవచ్చు. ప్యాడ్ గట్టిదే, కానీ దాన్ని పట్టుకున్న గుడ్డ చిరిగిపోతే ఆ ప్యాడ్ ఎక్కడుంటుంది? రోడ్డు పక్కన.

కాబట్టి ప్యాంటు లోపలి లేబుల్ చూడండి. అక్కడ రెండు వేర్వేరు నంబర్లు వెతకాలి.

ఒకటి ఈఎన్ 17092. ఇది మొత్తం ప్యాంటుకి సంబంధించిన యూరప్ ప్రమాణం. గుడ్డ ముక్కల్ని మిషన్‌కి బిగించి గిరగిరా తిప్పి కాంక్రీట్ పలక మీదికి వదులుతారు. తిరగడం ఆగేలోపు చిల్లు హద్దు దాటకూడదు. కుట్లు ఎంత బలంగా ఉన్నాయో, గుడ్డ ఎంత తేలిగ్గా చిరుగుతుందో కూడా చూస్తారు. మోకాలు, తుంటి లాంటి ముందుగా నేలకి తగిలే చోట్ల 'ఏ' క్లాసుకి గంటకి 45 కి.మీ., 'ఏఏ'కి 70 కి.మీ., 'ఏఏఏ'కి 120 కి.మీ. వేగంతో సమానమైన టెస్టు ఉంటుంది. ఇవి ల్యాబ్ లెక్కలు, గ్యారంటీ కార్డులు కావు. అయినా రెండు ప్యాంట్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి కొలమానం లేదు.

రెండోది ఈఎన్ 1621-1. ఇది ప్యాడ్లకి. 50 జౌళ్ల శక్తితో ఒక బరువుని ప్యాడ్ మీద పడేస్తారు. అవతలి వైపుకి సగటున ఎంత బలం వచ్చిందో కొలుస్తారు. లెవెల్ 1 అయితే 35 కిలోన్యూటన్ల లోపు, లెవెల్ 2 అయితే 20 లోపు రావాలి. అంటే ఇక్కడ తక్కువ అంకె వస్తేనే మంచిది, లెవెల్ 2 వైపే మొగ్గండి. మోకాలి ప్యాడ్ మీద 'కే', తుంటి ప్యాడ్ మీద 'హెచ్' అక్షరం ఉంటుంది.

తుంటి అన్నాను కదా, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. చాలా ప్యాంట్లలో అక్కడ జేబు ఉంటుంది, లోపల ప్యాడ్ ఉండదు. ఉన్నా పల్చటి స్పాంజి ముక్క ఉంటుంది. బైక్ పక్కకి పడితే ముందు నేలకి కొట్టుకునేది తుంటే. ఖాళీ జేబు ఉంటే ప్యాడ్ల ధర కూడా కలుపుకుని బడ్జెట్ వేసుకోండి.

షాపులో నిలబడి కాదు, కూర్చుని చూడండి

అద్దం ముందు నిలబడి బాగుందనుకుని కొనేస్తే సగం పనే అయినట్టు. రైడింగ్ ప్యాంటు కుట్టేది కూర్చున్న మనిషి కోసం. నిలబడినప్పుడు మోకాలి ప్యాడ్ కాస్త కిందికి ఉన్నట్టు అనిపించడం మామూలే. బైక్ మీద కూర్చున్నాక అది మోకాలి చిప్ప మీదికి సరిగ్గా వచ్చి, దాని కింద ఎముకని కూడా కొంత కప్పాలి. చాలా షాపుల్లో బయట పెట్టిన బైక్ మీద కూర్చోనిస్తారు, మొహమాటపడకుండా అడగండి.

కూర్చున్నాక ప్యాడ్‌ని చేత్తో పట్టుకుని పక్కకి లాగండి. తేలిగ్గా తిరిగిపోతే ప్యాంటు వదులని అర్థం. కింద పడ్డప్పుడు కూడా అలాగే తిరిగిపోతుంది. లోపలి జేబుకి వెల్క్రో ఉండి, ప్యాడ్‌ని పైకీ కిందికీ జరుపుకునే వీలుంటే మంచిది. అమ్మాయిలకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మగవాళ్ల కొలతలతో కుట్టిన ప్యాంటు నడుము దగ్గర వదులై, తుంటి దగ్గర బిగుతై, మోకాలి ప్యాడ్ పిక్క మీదికి దిగిపోతుంది. సైజు ఒకటి తగ్గించుకుంటే సరిపోతుందనే సేల్స్‌మన్ మాట నమ్మకండి, ఆడవాళ్ల కటింగ్ ఉన్నదే అడగండి.

ఇంకో విషయం, పిక్క లోపలి వైపు చూడండి. సైలెన్సర్‌కి తగిలే చోట తోలు గానీ వేడిని తట్టుకునే గుడ్డ గానీ ఉండాలి. లేకపోతే ట్రాఫిక్‌లో ఒక్కసారి కాలు ఆనిస్తే మెష్ కరిగిపోతుంది.

మన ఎండకి ఏది?

తోలు ప్యాంటు రాపిడికి బాగా నిలుస్తుంది. కానీ మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర తోలు ప్యాంటుతో నిలబడటం నా వల్ల కాదు, మీ వల్లా కాదు. రెండో రోజుకే అది అలమరాలోకి వెళ్లిపోతుంది. అలమరాలో ఉన్న 'ఏఏఏ' కంటే ఒంటి మీదున్న 'ఏ' మేలు. నేను తమ్ముడికి ఖాయంగా చెప్పిన మాట ఇదొక్కటే. రోజూ వేసుకోగలిగిందే కొను.

సిటీలో రోజూ తిరిగేవాళ్లకి గాలి ఆడే మెష్ ప్యాంటు బాగుంటుంది. అయితే మొత్తం మెష్ కాకుండా మోకాళ్ల మీద, తుంటి మీద, కూర్చునే చోట దట్టమైన గుడ్డ ఉన్నది చూడండి. ఆఫీసు ప్యాంటు మీదే వేసుకుని, వెళ్లాక పక్క జిప్పులు లాగి తీసేసే ఓవర్‌ప్యాంట్లు కూడా ఉన్నాయి. లిఫ్టులో అందరూ వింతగా చూస్తారనే భయం ఉన్నవాళ్లకి రైడింగ్ జీన్స్ ఉన్నాయి. చూడ్డానికి మామూలు జీన్సే, లోపల అరామిడ్ పోగులు ఉంటాయి. కెవ్లార్ పేరు విన్నారు కదా, అదీ ఈ జాతిదే. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. ఇక్కడ కూడా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ పోగులు మొత్తం ప్యాంటులో ఉన్నాయా, మోకాలి దగ్గర చిన్న అతుకులోనే ఉన్నాయా? లోపలికి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

శని, ఆదివారాలు శ్రీశైలం ఘాటో, లంబసింగో వెళ్లేవాళ్లు ఎప్పుడూ 70 దాటే ఉంటారు కాబట్టి 'ఏఏ'కి తగ్గొద్దు. జాకెట్‌కి ప్యాంటుని కలిపే జిప్పు ఉంటే తప్పకుండా వాడండి. జారినప్పుడు జాకెట్ పైకి లేచి నడుము బయటపడకుండా ఉంటుంది.

వాన సంగతి. లోపల తొడుక్కునే రెయిన్ లైనర్ ఇస్తే సంబరపడకండి. పైగుడ్డ అంతా నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, లోపల చెమట. పైగా వాన మొదలయ్యాక రోడ్డు పక్కన ప్యాంటు విప్పి లైనర్ తొడగడం ఎలాగో మీరే ఆలోచించండి. దానికంటే పైన వేసుకునే రెయిన్‌కోట్ ప్యాంటు తేలిక.

డబ్బులు తక్కువుంటే

మన దేశంలో తయారయ్యే మెష్ ప్యాంట్లు చాలావరకు ఐదారు వేల నుంచి పన్నెండు వేల మధ్యలో దొరుకుతున్నాయి. ఒకేసారి కుదరకపోతే లెవెల్ 2 మోకాలి గార్డులు రెండు మూడు వేలకి వస్తాయి. జీన్స్ మీదే కట్టుకోవచ్చు. దెబ్బ నుంచి కాపాడతాయి. తొడ, తుంటి దోక్కుపోకుండా మాత్రం ఆపలేవు. అందుకని అవి తాత్కాలికమే అనుకోండి. సెకండ్ హ్యాండ్ ప్యాంటు కొంటే ప్యాడ్లు కొత్తవి వేసుకోండి, ఎందుకంటే అవి ఇంతకుముందు ఎన్ని దెబ్బలు తిన్నాయో మనకి తెలీదు. మీరే ఒకసారి పడినా ప్యాడ్లు మార్చాలి. ఉతికేటప్పుడు ప్యాడ్లు తీసి పక్కన పెట్టండి, ఇస్త్రీ పెట్టొద్దు.

వెనక కూర్చునేవాళ్ల కాళ్లు కూడా అదే రోడ్డు మీద జారతాయి. వాళ్లకి హెల్మెట్ ఇవ్వడమే మర్చిపోతున్న మనం, ప్యాంటు దాకా వెళ్లడానికి టైం పట్టొచ్చు. కనీసం లాంగ్ రైడ్‌కి పిలిచేటప్పుడైనా ఒక జత మోకాలి గార్డులు వాళ్ల కోసం బ్యాగులో పెట్టండి.

మా వాడు చివరికి 'ఏ' క్లాసు మెష్ ప్యాంటు ఒకటి తీసుకుని, తుంటి ప్యాడ్లు విడిగా వేయించుకున్నాడు. ఊళ్లో అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఏంట్రా నాన్నా, క్రికెట్ ఆడటానికి వెళ్తున్నావా?" అంది. నవ్వుకోనివ్వండి. మీరు షాపుకి వెళ్లినప్పుడు మాత్రం రంగు చూసే ముందు లేబుల్ తిప్పి చదవండి, తుంటి జేబులో చెయ్యి పెట్టండి, బైక్ మీద కూర్చుని మోకాలి ప్యాడ్ లాగి చూడండి. ఈ మూడింటికీ కలిపి ఐదు నిమిషాలు చాలు.