ఒకే లోగిట్లో రెండు కాపురాలు

అన్నదమ్ములు ఒకే లోగిట్లో వేరుపడి కాపురాలు చేయడం మన గోదావరి జిల్లాలవారికి కొత్త కాదు. వీధివాకిలి ఒక్కటే, వంటిళ్ళు రెండు. గోడ సరైన చోట లేచిందా, పేచీ లేదు. యింట్లోని కంప్యూటరులో విండోస్‌నూ లినక్స్‌నూ కలిపి వుంచుకోవడం కూడా యిలాంటిదే.

యిప్పుడీ గోడ యెందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పెట్టుకుందామంటే యంత్రంలో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా యేర్పాటు వుండాలి. చాలా పాత కంప్యూటర్లలో అది లేదు. యంత్రం దివ్యంగా తిరుగుతూనే వుంటుంది. తలుపు గడియ మాత్రం వదులైపోయింది. దానిమీద బ్యాంకు వ్యవహారాలు నడపడం క్షేమం కాదు.

“విండోస్ తీసిపారేసి, వుచితంగా దొరికే లినక్సే పెట్టేద్దాం” అంటారు కుర్రవాళ్ళు. మాట బాగానే వుంది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ లినక్సుకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు కూడా నేర్పారు. కాని తెలుగిళ్ళలో ఒక చిక్కున్నది. తాతగారి స్వీయచరిత్ర, అమ్మాయి శుభలేఖ, అల్లుడిగారి సిద్ధాంతగ్రంథం — యేనాడో డి.టి.పి. చేయించినవైతే చాలావరకు అను ఫాంట్లలో వుంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన అచ్చుపని చాలాకాలం పాతదారినే నడిచింది. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే, తాతగారి మాటల బదులు అర్థంలేని గుర్తులు పలకరిస్తాయి. ఆ టైపు సరంజామా విండోస్ కోసం చేసినది. కాబట్టి పెద్దవాణ్ణి వెళ్ళగొట్టకండి. ఇంటర్నెట్టు జోలి లేకుండా వెనకగదిలో వుండనివ్వండి. పాతరాతలు అక్కడ, బయటివారితో వ్యవహారం లినక్సులో.

ఇక గోడ కట్టే పద్ధతి. ముందుగా వున్నదంతా వేరే డిస్కులోకి నకలు తీసుకోవాలి. యిది చేయనివారు తక్కిన పని ముట్టుకోకపోవడమే మంచిది. గోడ జానెడు తప్పితే తాతగారి గది కూలిపోతుంది. తర్వాత విండోస్‌లో వున్న డిస్క్ మేనేజ్‌మెంటుతోనే దాని జాగా కొంత కుదించాలి. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపాలి. లేకపోతే విండోస్ పూర్తిగా నిద్రపోదు, దాని గదిలో లినక్సు చేయిపెట్టడం ప్రమాదం. బిట్‌లాకర్ తాళం వేసి వుంటే దాని రికవరీ సంఖ్య కాగితంమీద రాసుకోవాలి. లినక్సును పెన్‌డ్రైవునుంచే నడిపి, ప్రింటరూ వైఫై పలుకుతున్నాయో లేదో చూసి, అప్పుడు ‘విండోస్ పక్కన’ అనే పద్ధతి యెంచుకోవాలి. ‘మొత్తం చెరిపి’ అన్నదాని జోలికి పోకండి సుమా!

ఆపైన మీట నొక్కగానే గ్రబ్ అనే ద్వారపాలకుడు, యెవరిని పిలవమంటారని అడుగుతాడు. ఒకసారి ఒక్కరే మేలుకుంటారు. లినక్సు వాడి విండోస్‌కు వస్తే ఒక్కొక్కప్పుడు గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. కంగారుపడకండి. యంత్రంలోని గడియారాన్ని ఒకరు మన కాలంగానూ, మరొకరు ప్రపంచ ప్రామాణిక కాలంగానూ లెక్కిస్తారు. లినక్సును స్థానిక కాలానికి మారిస్తే సరి.

అయితే యీ వేరుకాపురం శాశ్వతమనుకోవద్దు. యేదో ఒకనాటికి ఆ పాత యంత్రమూ కన్నుమూస్తుంది. ఈలోగా సెలవురోజున నాలుగేసి పేజీల చొప్పున తాతగారి రాతను యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుతప్పులు సరిచూసి దాచండి. మనుమలు చదువుకోవలసింది తాతగారి తెలుగును. ఆయన వాడిన ఫాంటును కాదు గదా!