చూచి వచ్చినవాని మాట

సినిమా చూచి వచ్చిన మనిషి ఊరుకొనలేడు. మంచి పుస్తకం చదివినవాడు దానిని నాలుగు రోజులు తనలోనే దాచుకొనగలడు. సంగీత కచేరీ విన్నవాడు రాగం పేరు తప్పు చెబుతానేమోనన్న సంకోచంతో పెదవి విప్పడు. సినిమా విషయంలో అటువంటి జంకు ఎవరికీ లేదు. ఆదివారం రాత్రి ఆట చూచిన విద్యార్థి సోమవారం ప్రార్థన గంట మ్రోగేలోపలనే పదిమందికి తన తీర్పు వినిపిస్తాడు. ఉపాధ్యాయుల గదిలోనూ అంతే. లెక్కల మాస్టారు, తెలుగు పండితుడు, డ్రిల్లు మాస్టారు మరే విషయంలోనూ ఒకరితో ఒకరు సరిసమానంగా వాదించుకొనరు. సినిమా మాట వచ్చేసరికి ముగ్గురూ పండితులే. ఇది సినిమా చేసిన మేలే కాని కీడు కాదు. తోచినదాన్ని ధైర్యంగా చెప్పుకొనే చోటు ఒక్కటైనా మిగిలి ఉండడం సంతోషించదగినదే.

అయితే ఆ చెప్పే మాట ఎటువంటిదన్నదే ఆలోచించవలసిన విషయం. "ఎలా ఉన్నది?" అని అడిగితే ఈనాడు సామాన్యంగా వచ్చే సమాధానాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. హిట్టు, ఫ్లాపు, యావరేజి. ఫస్టాఫ్ ఫరవాలేదు, సెకండాఫ్ సాగదీసినాడు. పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. పదిహేనేళ్ళ కుర్రవాడు ఫలానా చిత్రం మొదటి రోజున ఎన్ని కోట్లు వసూలు చేసినదో తడుముకొనకుండా చెప్పగలడు. ఆ కోట్లలో ఒక్క రూపాయి అయినా వాని జేబులోనికి రాదు. పైగా వాని జేబులోని రూపాయలే వెళ్ళి వాటిలో కలిసినవి!

ఈ మాటలు పుట్టినది ప్రేక్షకుల మధ్య కాదు, పంపిణీదారుల గల్లాపెట్టె దగ్గర. ఒక జిల్లాకో, ఒక ప్రాంతానికో చిత్రాన్ని కొన్న వ్యాపారి, అప్పు తీరుతుందా లేదా అని రాత్రింబవళ్ళు తల్లడిల్లుతాడు. అతనికి హిట్టు అన్న మాట ప్రాణవాయువు. అందులో తప్పేమీ లేదు. కాని టిక్కెట్టు కొన్నవానికి ఆ బెంగ ఎందుకు? రెండున్నర గంటల కాలాన్ని ధారపోసి తాను తెచ్చుకొన్నదేమిటో అతడు చెప్పాలి. పెళ్ళివారి ఇంట భోజనం చేసి వచ్చినవానిని "వంట ఎలా ఉన్నది?" అని అడిగితే, వంటవానికి ఎంత మిగిలిందో లెక్క కట్టి చెప్పినట్లున్నది ఈ వ్యవహారం. గుత్తివంకాయ కూర సంగతి చెప్పడానికి మాటలు లేక కాదు. ఆ మాటలు ఎవరూ అడగడం లేదు కనుక అవి వాడుకలో నుండి జారిపోతున్నవి.

టూరింగ్ టాకీసులు పల్లెలకు వచ్చిన రోజుల్లో ఆట మారినప్పుడల్లా ఒక బండికి బొమ్మ కట్టి, డప్పు వాయిస్తూ, రంగు కాగితాల కరపత్రాలు వెదజల్లుతూ ఊరంతా త్రిప్పేవారు. పిల్లలు బండి వెంట పరుగెత్తి ఆ కాగితాలు ఏరుకొనేవారు. పెద్దలు మాత్రం డప్పును నమ్మేవారు కారు. బస్తీకి పనిమీద వెళ్ళి ఆ చిత్రం ముందే చూచి వచ్చిన మనిషిని అరుగుమీద కూర్చోబెట్టి అడిగేవారు. అతడు కథ చెప్పేవాడు, పాట చెప్పేవాడు, ఒక వేషం ఎలా ఉన్నదో అభినయించి చూపేవాడు. అతని ముఖం చూచి ఊరు బండ్లు కట్టేది. నేడు ఆ అరుగు చేతిలోని ఫోనుగా మారినదే కాని, డప్పుకూ మనిషి మాటకూ మధ్య ఉండవలసిన భేదం మారలేదు. చూచి వచ్చినవాడు డప్పువాని మాటలే వల్లిస్తే ఇక అతనిని అడగడమెందుకు?

ఆ మనిషి మాటకు ఎంత బలమున్నదో 1980లో తెలుగు దేశమంతా చూచినది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 2వ తేదీన "శంకరాభరణం" విడుదల అయినది. కథానాయకుడు జుట్టు నెరసిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్ర ధరించిన జె. వి. సోమయాజులు ప్రభుత్వోద్యోగం చేస్తూ నాటకాలాడినవాడు, వెండితెరకు పెద్దగా తెలియనివాడు. పోరాటాలు లేవు, పేరున్న తారలు లేరు. వ్యాపారి లెక్కలో ఇవన్నీ లోపాలే. తొలిరోజుల్లో హాళ్ళు వెలవెలబోయినవి. ఆ మొదటివారంలో పలుచగా కూర్చుని చూచిన కొద్దిమంది వసూళ్ళ భాషలో మాటాడి ఉంటే వారు చెప్పవలసినది ఒక్కటే: "ఖాళీగా ఉన్నది, ఆడదు." వారు ఆ మాట చెప్పలేదు. ఇంటికి వెళ్ళి తల్లులను, తాతలను వెంటబెట్టుకొని వచ్చినారు. రెండు మూడు వారాలు తిరిగేసరికి టిక్కెట్టు దొరకడం గగనమైనది. తెలుగు రాని తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలవారు సైతం దానిని తెలుగులోనే విన్నారు. జాతీయ పురస్కారాలు తరువాత వచ్చినవి. వాటికంటె ముందు వచ్చినది పేరులేని ప్రేక్షకుని పూచీ.

అదే నోరు అన్యాయమూ చేయగలదు. గురుదత్ 1959లో మన దేశపు మొట్టమొదటి సినిమాస్కోప్ చిత్రంగా "కాగజ్ కే ఫూల్" తీసినాడు. ఒక చిత్ర దర్శకుని పతనం దాని కథ. నాటి ప్రేక్షకులు పెదవి విరిచినారు. ఆ తరువాత ఏ చిత్రానికీ గురుదత్ దర్శకునిగా తన పేరు వేసుకొనలేదు, 1964లో కన్నుమూసినాడు. అదే చిత్రాన్ని నేడు చలనచిత్ర విద్యార్థులు శ్రద్ధగా అధ్యయనం చేస్తున్నారు. తొలిరోజున చూచినవారందరూ రసహీనులని అనడం సబబు కాదు. వారికి నచ్చలేదు, నచ్చలేదని చెప్పే హక్కు వారికి ఉన్నది. కాని "నాకు నచ్చలేదు" అన్న మాట వేరు, "అది పోయినది" అన్న మాట వేరు. మొదటిది అభిప్రాయం; విన్నవాడు దానిని కాదని తానే వెళ్ళి చూడవచ్చును. రెండవది చావు కబురు. చావు కబురు విన్నవాడు టిక్కెట్టు కొనడు.

ఇక చెప్పే తీరు. 2023 మార్చి 3న వచ్చిన వేణు యెల్దండి చిత్రం "బలగం" మంచి ఉదాహరణ. ఎవరైనా వచ్చి "ఒక ముసలివాడు చనిపోతాడు, పదకొండు రోజుల కర్మ, అంతే" అని చెబితే అందులో అబద్ధమేమీ లేదు. అయినా వినేవాని కాలు గడప దాటదు. మరొకడు వచ్చి, "పిండం పెట్టినారు, కాకి ముట్టలేదు, ఇంటిల్లిపాదీ ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు" అంటాడు. విన్నవానికి వెంటనే ప్రశ్న పుడుతుంది: ఎందుకు ముట్టలేదు? ఎన్నో ఏండ్ల క్రిందట విందులో ఒక నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేసినదని తెలిసేసరికి, విన్నవానికి తన ఇంటి గొడవ ఒకటి తప్పక జ్ఞాపకం వస్తుంది. ఆ చిత్రాన్ని తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెర కట్టి ఊరంతా కలిసి చూచినారంటే కారణం ప్రకటనలు కావు. ఆ కాకి సంగతి ఒకరి నోట మరొకరు విన్నారు. ఒక్క దృశ్యాన్ని ఉన్నదున్నట్లు చెప్పగలిగితే పది విశేషణాల అవసరం తీరిపోతుంది. వ్యాసరచన బోధించే ఉపాధ్యాయులు ఈ ముక్కను పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కడం లేదని వాపోతుంటారు; సినిమా కబుర్లలో పట్టుకొంటే ఒక్క పూటలో ఎక్కుతుంది.

ఎవరికి చెబుతున్నామన్నది కూడా కొంచెం చూచుకోవాలి. నెల తిరగకుండా తండ్రిని పోగొట్టుకొన్నవానికి "బలగం తప్పక చూడు" అని చెప్పేవాడు చిత్రాన్ని ఎరిగినవాడే గాని మనిషిని ఎరిగినవాడు కాడు. రెండు నెలలు పోయిన తరువాత అదే మాట ఔషధం కావచ్చును. తనకు నచ్చినది కనుక లోకానికంతటికీ నచ్చితీరాలని పట్టుబట్టే మిత్రులు కొందరుంటారు. చూచి వచ్చినవాడు "అంత బాగాలేదు" అంటే వారికి సొంత బిడ్డను తిట్టినంత కోపం. ఒక నటుని అభిమానులలో ఈ రోగం మరింత ముదిరి, నచ్చలేదన్న సహాధ్యాయితో మాటలు మానేసే దాకా పోతున్నది. పాఠశాల ఆవరణలో ఈ పగలు ఉపాధ్యాయుల కంట పడకుండా పోవు. వాటిని నవ్వి ఊరుకొనేవారే ఎక్కువ.

పెద్దల సంగతి చెప్పకపోతే పక్షపాతమౌతుంది. "ఈ కాలపు సినిమాలు సినిమాలేనా?" అని తేల్చివేసే అయ్యవారు చాలామంది ఈ కాలపు సినిమా చూచి ఎన్నేళ్ళయినదో చెప్పలేరు. విశాఖపట్నంలోని ఒక పేటలో, చాలా వరకు ఆ పేట మనుషులచేతనే నటింపజేసి 2018లో వెంకటేష్ మహా తీసిన "కేరాఫ్ కంచరపాలెం" వంటిది వారి చెవిని పడనేలేదు. అటు విద్యార్థి నలుపు తెలుపు బొమ్మ అనగానే ముఖం త్రిప్పుకొంటాడు. ఇద్దరిదీ ఒకే దోషం. చూడనిదానిమీద తీర్పు.

కథ ముందే చెప్పవచ్చునా అన్న తగవు ఒకటున్నది. అపరాధ పరిశోధన చిత్రంలో హంతకుని పేరు చెప్పేవాడు ఎదుటివాని సొమ్ము అపహరించినట్లే. దానిలో చర్చ లేదు. కాని తెలుగువారు కథ తెలిసి కూడా హరికథలకు వెళ్ళినవారు, తెల్లవారేదాకా వీధి నాటకాలు చూచినవారు. 1957లో కె. వి. రెడ్డి "మాయాబజార్" తీసేనాటికి శశిరేఖా పరిణయం కథ ఎరుగనివారు అరుదు. చివరకు శశిరేఖాభిమన్యుల పెళ్ళి జరుగుతుందని తెలిసీ జనం విరగబడి చూచినారు. ఏమి జరుగుతుందన్నది కాదు, ఎలా జరుగుతుందన్నదే అక్కడి ఆకర్షణ. "అసమదీయులు", "తసమదీయులు" అన్న మాటలు తెర దిగి వచ్చి ఇళ్ళలో స్థిరపడినవి.

ఆ చిత్రాన్ని నేటి పదవ తరగతి కుర్రవానికి చూడమని చెప్పవలసి వస్తే, మహత్తర కళాఖండమని ఉపన్యసించడం శుద్ధ దండుగ. అతడు ఆవలిస్తాడు. అంతకంటె, "భారతంలోని మనుషుల కథే గాని అందులో పాండవులు ఎక్కడున్నారో చూచి వచ్చి చెప్పు" అంటే చాలును. అతడు భీముని గద కోసం, అర్జునుని గాండీవం కోసం తెరంతా వెతుకుతూ కూర్చుంటాడు. ఐదుగురిలో ఒక్కడూ కనపడడు. ఘటోత్కచుడు వస్తాడు, సుభద్ర వస్తుంది, కృష్ణుడు చిరునవ్వుతో అన్నిటినీ నడిపిస్తాడు. పాండవులు మాత్రం తెరమీదికి రారు, వారు లేని లోటూ తెలియదు. మరునాడు ఆ కుర్రవాడు ఉపాధ్యాయుల గది గుమ్మం దగ్గర నిలబడి, ఇది ఎలా కుదిరినదని అడుగుతాడు.