న్యాయవాద వృత్తికి మొదటి మెట్టేది?

న్యాయవాద వృత్తి స్వతంత్ర వృత్తి యనియు, ప్రతిభగలవానికి అందు అడ్డంకియే లేదనియు పెద్దలు సభలలో ఉద్ఘాటించుచుందురు. పట్టా పుచ్చుకొని వచ్చిన యువకునకు వారు చూపు నిచ్చెన పొడవైనదే. కొన్నియేండ్లు వృత్తి చేసినచో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చుండవచ్చును. ఏడేండ్లు నిండినచో జిల్లా జడ్జి పదవికి నేరుగా పోటీచేయవచ్చును. పదియేండ్లు హైకోర్టు న్యాయవాదిగా నున్నచో రాజ్యాంగము 217వ అధికరణము చొప్పున ఆ కోర్టు పీఠమునకే అర్హుడగును. పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవి గలదు. సీనియరు అడ్వకేటు హోదా గలదు. పైమెట్లన్నియు గట్టివే. మొదటి మెట్టు మాత్రమే లేదు.

ఇంటరు పిదప ఐదేండ్లో, డిగ్రీ పిదప మూడేండ్లో చదివి, సన్నదు పొంది, సీనియరు గుమ్మము తొక్కిన పేదయింటి బిడ్డ చేయు పనియేమి? కట్టలు మోయుట, వాయిదాలు అడుగుట, నకళ్లు తెచ్చుట, దావాలకు చిత్తుప్రతులు వ్రాయుట. ప్రొద్దున కోర్టు, రాత్రి ఆఫీసు. నెల తిరిగినప్పుడు చేతికి వచ్చునది చాలచోట్ల బస్సుఖర్చు. కొన్నిచోట్ల అదియును లేదు. దీనిని గురుశుశ్రూష యని పిలుచుచున్నాము. గురుకులమున శిష్యునకు అన్నమైనను పెట్టిరి!

ఒకనాడు తరగతులు చట్టములోనే యుండెను. బారిష్టరు, వకీలు, మొదటి తరగతి ప్లీడరు, రెండవ తరగతి ప్లీడరు. బొంబాయి కలకత్తాలలో అటార్నీ. ఎవరి హద్దు వారిదే. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ యిల్లు నడిపి చదివింపగా పైకివచ్చిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా ఎంత పేరు గడించినను, హైకోర్టు గడప వారికి మూసియే యుండెను. ఆ గడప దాటుటకై సముద్రము దాటి బారిష్టరై రావలసివచ్చెను. 1961 నాటి అడ్వకేట్ల చట్టము వృత్తి చేయుటకు హక్కుగలవారిది ఒక్కటే తరగతి యని శాసించినది. చట్టము కూల్చిన ఆ గోడలను నేడు ధనము మరల కట్టుచున్నది. జీతములేక మూడేండ్లు నిలువగలవారొక తరగతి, నిలువలేనివారొక తరగతి.

న్యాయస్థానము ఈ సంగతి ఎఱుగకపోలేదు. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు సన్నదుకై వేలకొలది రూపాయలు వసూలుచేయుచుండగా, చట్టములోని 750 రూపాయలకు మించి, షెడ్యూల్డు కులములు తెగలవారివద్ద 125కు మించి, పుచ్చుకొనరాదని 2024 జూలై 30న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. శ్లాఘనీయము. కాని ఆ కోర్టే 2025 మే 20న, సివిల్ జడ్జి పరీక్షకు మూడేండ్ల వృత్తి అనుభవము తప్పనిసరి యని మరల నియమించెను. అనుభవము వలదని మేమనము. ఆ మూడేండ్లు అన్నము పెట్టువారెవరని అడుగుచున్నాము. ఆ అనుభవమునకు పదియేండ్లకు తక్కువకాని న్యాయవాది ధ్రువపత్రమీయవలెను. దానిని న్యాయాధికారి ఆమోదింపవలెను. ధ్రువపత్రము వ్రాయు చేతినే జీతమడుగు ధైర్యము ఏ జూనియరుకుండును? పోనీ, ఆకలికి తాళలేక కంపెనీలో పూర్తికాలపు జీతమునకు కుదిరినచో, బార్ కౌన్సిలు నియమము చొప్పున వాదించు హక్కు నిలిచిపోవును. ఉండిన ఆకలి, పోయిన వృత్తి నష్టము.

2024 అక్టోబరులో అఖిలభారత బార్ కౌన్సిలు, జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామప్రాంతములలో 15,000 రూపాయలకు తక్కువకాకుండ ఈయవలసినదని లేఖ పంపినది. అది సలహాయే కాని శాసనము కాదు. ఈయనివానిని అడుగువారు లేరు. సలహాతో కడుపు నిండునా?

సొలిసిటరు అను పేరు పుట్టిన ఆంగ్లదేశమును చూడుడు. పూర్వము అచ్చట పని నేర్వగోరు కుఱ్ఱవాడే సొలిసిటరునకు రొక్కము చెల్లించుచుండెను. అది గతించినది. శిక్షణలోనున్నవానికి దేశపు కనీస వేతనమునకు తక్కువ ఈయరాదని అక్కడి నియంత్రణ సంస్థ పెట్టిన నియమము 2014లో అమలులోనికి వచ్చెను. అంతకుముందు ఆ సంస్థ విధించిన కనీసము అంతకంటె హెచ్చుగానే యుండెను. ఆంగ్లేయుని గౌను మనకు మిగిలినది, తెల్లపట్టీలు మిగిలినవి. ఈ ఒక్క మంచి మాత్రము ఓడ దిగలేదు!

ఆక్షేపణలు మేమెఱుగుదుము. "మేమును ఇట్లే కష్టపడి పైకివచ్చితిమి" అందురు. మీరు నిలిచితిరి, మీతో బయలుదేరి నడుమ రాలిపోయినవారి లెక్క ఎవరు వ్రాసిరి? "ఇది వ్యాపారము కాదు, సేవ" అందురు. సేవకు ఫీజు పుచ్చుకొనుట సీనియరునకు తప్పుకానప్పుడు, అందులో పాలు పంచుకొనుట జూనియరునకు తప్పెట్లగును? "చిన్న ఊళ్ల ప్లీడరు ఈయలేడు" అందురు. ఇందు నిజమున్నది. అట్టిచోట ప్రభుత్వము పూనుకొనవలెను. కొత్త న్యాయవాదులకు మూడేండ్లు నెలకు 5,000 రూపాయలిచ్చు పథకమును 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రారంభించినప్పుడే ఇది అసాధ్యము కాదని తేలినది. కాని ఒక ప్రభుత్వపు దయ హక్కు కాజాలదు.

కావున మా కోరికలు మూడు. బార్ కౌన్సిలు తన సలహాను నియమముగా మార్చవలెను. సీనియరు అడ్వకేటు హోదా కోరువాడు జీతమిచ్చి జూనియర్లను పోషించుచున్నట్లు చూపవలెను. మూడేండ్ల అనుభవ ధ్రువపత్రములో ఆ మూడేండ్లు ఇచ్చిన జీతమెంతో వ్రాసితీరవలెను. ఈ మూడవదానికి కాసు ఖర్చులేదు. సిగ్గు మాత్రమే కావలెను.

ఇది వకీళ్ల యింటి గొడవ యని పాఠకమహాశయులు ఉపేక్షింపరాదు. నేటి జూనియరే రేపటి న్యాయమూర్తి. కౌలుదారు దావా, కూలివాని జామీను, విధవరాలి మనోవర్తి ఆతని యెదుటికే వచ్చును. ఆకలి ఎఱిగినవారినందఱను మొదటి మెట్టువద్దనే త్రోసివేసినచో, పీఠముపై మిగులువారెవరో ఆలోచింపుడు. మీ ఊరి బార్ అసోసియేషను ఎన్నికలకు నిలిచినవారిని ఈ ఒక్క ప్రశ్న అడుగుడు: అయ్యా, మీ జూనియరుకు నెలకెంత యిచ్చుచున్నారు?